మీనాకు బావ లేకపోతే?

మా అమ్మ పెట్టెలో, పెళ్ళినాటి పట్టుచీర అడుగున, ఒక పుస్తకం ఉంటుంది. అట్ట ఎప్పుడో ఊడిపోతే పాత క్యాలెండరు కాగితం తొడిగింది. మొదటి నాలుగు పేజీలు లేవు. లేకపోయినా ఆమెకు వచ్చిన లోటు లేదు. ఆ నాలుగు పేజీల కథా ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆ పుస్తకం యద్దనపూడి సులోచనారాణిగారి ‘మీనా’.

ఈ పేరు వినగానే చదువరులలో సగంమంది మొహాన చిరునవ్వు మెరుస్తుందనీ, మిగిలిన సగంమంది “ఇంకా ఆ నవలలేనా!” అని పెదవి విరుస్తారనీ నేనెరుగుదును. తెలుగు ఎం.ఏ. చదివే రోజుల్లో నేనూ పెదవి విరిచే జట్టులోని దాన్నే. వారపత్రికల తరహా నవల అంటే, పొయ్యిమీద పప్పు ఉడుకుతుండగా చదివి, పప్పు దించగానే మరచిపోయేదని మా వాదం. మా అమ్మ మాత్రం యాభై ఏళ్ళుగా మరచిపోలేదు. అదెందుకో కనుక్కుందామని ఇన్నేళ్ళూ నాకు తోచనే లేదు. తోచేటట్టు చేసింది మా కళాశాలలో చదివే ఒక అమ్మాయి.

కథ తెలియనివారి కోసం రెండు మాటలు. మీనా పట్నంలో కలవారి బిడ్డ. ఆ ఇంట్లో తల్లి మాటే శాసనం, తండ్రి మెతకమనిషి. కూతురు ఎట్లా బతకాలో, చివరకు ఎవరిని పెళ్ళాడాలో కూడా తల్లే నిర్ణయిస్తుంది. అటువంటి పిల్ల ఒకసారి పల్లెలో ఉన్న అత్తయ్య ఇంటికి వెళుతుంది. అక్కడ బావ కృష్ణ సేద్యం చేసుకుంటూ ఉంటాడు. ఇద్దరి మధ్యా ఉన్న కొత్త క్రమంగా పోయి చనువు వస్తుంది, చనువు స్నేహమవుతుంది, ఆ స్నేహం ఏనాడు ప్రేమ అయినదో తేల్చి చెప్పటం చదివేవారికే గాదు, వాళ్ళకూ కష్టమే.

1973లో ఈ కథను విజయనిర్మలగారు సినిమాగా తీశారు. తెలుగులో ఆమె దర్శకత్వం వహించిన తొలి చిత్రం అదే. మీనా పాత్ర తామే వేశారు, కృష్ణ పాత్ర కృష్ణగారు వేశారు. మళ్ళీ 2016లో ‘అ ఆ’ వచ్చినప్పుడు మా అమ్మను సినిమాకు తీసుకువెళ్ళాను. కథ కాస్త నడిచిందో లేదో నా మోచెయ్యి గిల్లి, “ఇది మన మీనానే గదనే!” అన్నది. పేర్లు మారినా, బట్టలు మారినా, తాను బొడ్డుకోసిన పిల్లను మంత్రసాని సంతలో పోల్చుకున్నట్టు పోల్చుకున్నది.

ఒక ప్రశ్న

ఒకనాడు తరగతిలో నవలను గురించి చెబుతూ, పాఠంలో లేని సంగతే అయినా, రచయిత్రుల నవలలు తెలుగునాట ఏలుబడి చేసిన కాలాన్ని గురించి చెప్పాను. కృష్ణా జిల్లా కాజలో పుట్టి, హైదరాబాదులో స్థిరపడి, 2018 మే నెలలో అమెరికాలో కన్నుమూసిన సులోచనారాణిగారిని తలచుకోకుండా ఆ ముచ్చట పూర్తి కాదు గదా! ఆసక్తి ఉన్నవారు ‘మీనా’ చదవవచ్చునని చెప్పి, నా దగ్గరున్న కొత్త ముద్రణ ప్రతి ఇచ్చాను. వారం తిరగకుండానే ఒక పిల్ల పుస్తకం తిరిగి ఇస్తూ, “బాగుంది మేడమ్. కాని మీనాకు బావ లేకపోతే?” అన్నది.

“లేకపోతే ఏమిటి?” అన్నాను అర్థంగాక.

“మనిషి అతనే. మంచితనం అదే. కాని బావ కాడు. ఊరికే తెలిసినవాడు, స్నేహితుడు. అప్పుడు గూడ ఆ అత్తయ్య తన వాకిట్లో ఇద్దరినీ కూర్చోనిచ్చి మాట్లాడుకోనిచ్చేదా?”

ఇంతలో గంట కొట్టారు. కొట్టినందుకు లోలోపల సంతోషించాను. ఎందుకంటే నా దగ్గర సమాధానం లేదు.

నా దగ్గర లేనప్పుడు చదివినవారినే అడిగితే పోయిందనిపించింది. పుట్టిల్లు నల్లగొండలో, ఉద్యోగం మహబూబ్‌నగర్‌లో కావటంచేత రెండు జిల్లాల పాఠకులూ నాకు అందుబాటులో ఉన్నారు. సెలవులకు వచ్చి పోయేటప్పుడల్లా, ఈ నవల చదివారని తెలిసిన ప్రతివారినీ కదిలించాను.

ఈ మెట్టనేలలో నవలలు చదివేవారెవరని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు సుమా! నల్లగొండ నుంచి ‘నీలగిరి పత్రిక’ 1922లోనే వెలువడింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో ‘గోలకొండ పత్రిక’ స్థాపించారు. తెలంగాణాలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేసి చూపారు. నకిరేకల్ ప్రాంతాన పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించి, ఊరూరా తిరిగి, చదువరుల గుమ్మాల ముందుకే పుస్తకాలు చేర్చారు. అటువంటి చోట ఒక ప్రేమకథను గూర్చి మాత్రం అభిప్రాయాలకు కరువుంటుందా?

తలొక మాట

మొదట మా వీధిలోని విశ్రాంత ప్రధానోపాధ్యాయులవారు. ఆయన పెదవి విరిచే పక్షానికి పెద్ద. “ఈ నవలలు మధ్యతరగతి ఆడపిల్లలకు కలలు అమ్మినవమ్మా. ‘సెక్రటరీ’లో రాజశేఖరం వంటి డబ్బున్న వరుడు ఎంతమంది జయంతులకు దొరుకుతాడు?” అన్నారు. అయితే ‘మీనా’లో వ్యవహారం తిరగబడ్డదని నేను గుర్తుచేశాను. ఇక్కడ డబ్బు పిల్లది. పిల్లవాడికి ఉన్నది మట్టి, నాగలి. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, “ఆమాట నిజమే. అయితే అదింకా పెద్ద కల. పట్నం పిల్ల పల్లెకు కోడలుగా వచ్చి నిలిచిన ఇల్లు ఈ చుట్టుపక్కల ఒక్కటి చూపించు” అన్నారు. వ్యవసాయం చేసుకునే కుర్రవాడికి పిల్లనిచ్చేవారు దొరకటం ఎంత కష్టమైపోయిందో తెలిసినదాన్ని గనుక, నేను చూపించలేకపోయాను.

పాలమూరు పల్లెలో అంగన్‌వాడీలో పనిచేసే ఒక సోదరి మాట వేరు. “ఆ ఊరు మా ఊరు కాదు మేడమ్. నీళ్ళుండి, పంటలుండి, పిలగాడు ఇంటిపట్టున ఉండే ఊరది. మా దిక్కు వానలు పడకపోతే బావలంత మూటముల్లె కట్టుకొని బొంబాయికి, పూనాకు పోయెటోళ్ళు. ముచ్చట పెట్టనీకి ఇంటికాడ ఎవరుండిరి?” అన్నది. దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీల ఊళ్ళో ఆ నవల చదివిన మనిషి ఆమె. ప్రేమకు తీరిక గూడ కావాలన్న సంగతి నాకు ఏ విమర్శ గ్రంథమూ చెప్పలేదు. నల్లగొండ జిల్లాలోనైనా అంతే. మీనా చూసిన పచ్చదనం చూడాలంటే, 1955లో పునాదిరాయి పడిన నాగార్జునసాగరం తాలూకు ఎడమకాలువ కింద, మిర్యాలగూడ వైపు వెళ్ళాలి. మిగిలినచోట్ల తరతరాలుగా జొన్నా ఆముదమే.

ఎనభై దాటిన ఒక అవ్వకు మనుమరాలు ఈ నవల చదివి వినిపించిందట. ఆమెది ఒకటే మాట: “బావ ఉండంగ బయటోని ముచ్చటెందుకు బిడ్డా? మేనరికమంటే అడిగి తీసుకునేది గాదు, ఉన్న హక్కు.” ఆమె దృష్టిలో ఇది ప్రేమకథే కాదు. విడిపోయిన రెండిళ్ళు మళ్ళీ ఒకటైన కథ. ఆలోచించి చూస్తే అవ్వ చదువు మన చదువుకంటే తక్కువదేమీ కాదు.

ఆసుపత్రిలో నర్సుగా ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలు అవ్వమాటకు ఎదురు నిలిచింది. మేనత్త మేనమామ బిడ్డల మధ్య ఎనిమిదోవంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయనీ, కొన్ని వంశపారంపర్య వ్యాధులు బిడ్డలకు సంక్రమించే ప్రమాదం అటువంటి పెళ్ళిళ్ళలో పెరుగుతుందనీ చెప్పి, “కథలో మీనా సుఖపడితే పడనీ. నా కూతురుకు మాత్రం మేనరికం చెయ్యను” అన్నది. దానికితోడు ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలు. బావ వరుసకు వెతికినా దొరకని ఇళ్ళు ఎన్ని లేవు!

మా విద్యార్థినులలో ఒకరు ఇంకొక కోణం చూపించింది. “స్నేహితుడని నమ్మి మాట్లాడితే, ఒకనాడు ప్రేమ అంటాడు. ఒప్పుకోకపోతే పగబడతాడు. అందుకని నాకీ కథల మీద నమ్మకం లేదు” అన్నది. పక్కనున్న పిల్ల ఒప్పుకోలేదు. “కృష్ణ వెంటపడడు గదనే! తన పని తాను చేసుకుంటాడు. ఆమె మనసు తెలిసేదాకా ఆగుతాడు. నాకు నచ్చింది అదే” అన్నది. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నేను మధ్యకు పోలేదు. నవల మంచిదా చెడ్డదా అనే చర్చ, మంచి మగవాడంటే ఎవరు అనే చర్చగా మారిపోయినప్పుడు తెలుగు పంతులమ్మకు అక్కడ పనిలేదు.

రెండే పిలుపులు

ఇన్ని మాటలు విన్న తరువాత, ఇంటికి వస్తూ బస్సులో ఆలోచిస్తే, నాకొక చిన్న సంగతి తట్టింది. మన పిల్లల నోట మగపిల్లవాణ్ణి పిలవటానికి ఎన్ని పిలుపులున్నాయి? ‘బావా’ అని పిలవవచ్చు; ఆ పిలుపులో సరసానికి చోటున్నది, పెళ్ళికి దారి ఉన్నది. ‘అన్నా’ అని పిలవవచ్చు; ఆ పిలుపు తలుపు మూసి గడియ పెడుతుంది. మా కళాశాల వరండాలో నిలబడి వింటే తెలుస్తుంది: తోటి విద్యార్థిని రికార్డు పుస్తకం అడగాలన్నా ఆడపిల్ల ముందు ‘అన్నా’ అని అప్పుడు అడుగుతుంది. వయసులో అతను చిన్నవాడైనా సరే. అది గౌరవం కాదు, రక్ష. ‘స్నేహితుడు’ అనే మాట నిఘంటువులో ఉన్నది గాని, అది పిలుపు కాదు. ఎవ్వరినీ ‘స్నేహితుడా’ అని పిలిచి పుస్తకం అడగరు.

మన నవలలు గూడ ఈ రెండు పిలుపుల మధ్యనే తిరిగినవి. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ జ్ఞాపకం చేసుకోండి. 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా సినిమా అయిన కథ అది. అందులో చక్రవర్తి, మరొకరి ఇల్లాలైన మాధవిలో చనిపోయిన తన చెల్లెలిని చూసుకుంటాడు. అంత నిర్మలమైన అభిమానానికి చెల్లెలనే పేరు పెట్టుకున్నా లోకం ఊరుకోదు. ఆమె భర్త మనసులో గూడ అనుమానం మొలుస్తుంది. ఆ నవల అన్న పిలుపును నమ్ముకున్నది. ‘మీనా’ బావ పిలుపును నమ్ముకున్నది. మూడవ పిలుపు లేదు గనుక సులోచనారాణిగారు తన నాయిక కోసం మన ఇళ్ళలో ఉన్న ఒకే ఒక్క తెరిచిన వాకిలి వెతికిపట్టారు. అత్తయ్య ఇంటి వాకిలి అది. అక్కడ పెద్దల కళ్ళెదుటనే పిల్లా పిల్లవాడూ కూర్చుని, నవ్వుకుని, పోట్లాడుకుని, ఒకరి గుణం ఒకరు తెలుసుకోవచ్చు. తొందర లేదు, దొంగతనం లేదు. ఆ నవలలో నిజమైన సంపద పట్నంలోని మేడ కాదు, ఈ వాకిలి.

మరి బావ లేని మీనా సంగతి ఏమిటి?

మిర్యాలగూడ

ఆ పిల్ల ఊరికే అడగలేదు. నల్లగొండ జిల్లాలో ఆ ప్రశ్నను ఎవరూ ఊరికే అడగరు.

పైన పచ్చదనం చూడాలంటే మిర్యాలగూడ వైపు వెళ్ళాలన్నాను. బడిలో చదువుకునే రోజులనుంచి స్నేహితులైన ఇద్దరు ఆ ఊళ్ళోనే ఉండేవారు. స్నేహం ప్రేమ అయింది. కులాలు వేరు. అతను దళితుడు. 2018 మొదట్లో వారు పెళ్ళి చేసుకున్నారు. ఆ సెప్టెంబరు 14న, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటకు వస్తున్న ఆ యువకుణ్ణి పట్టపగలు వెనుకనుంచి నరికి చంపారు. పిల్ల తండ్రే కిరాయి ఇచ్చి చేయించాడని పోలీసులు అభియోగం మోపారు. విచారణ ముగియకముందే, 2020లో, ఆయన మరణించాడు. 2025 మార్చిలో నల్లగొండలోని న్యాయస్థానం ఒకరికి ఉరిశిక్షా, ఆరుగురికి యావజ్జీవ శిక్షా విధించింది.

వారి పేర్లు నేను రాయటంలేదు. ఈ జిల్లాలో వాటిని ఎరుగనివారు లేరు. నేను చెప్పదలచినది ఒక్కటే: ఆ కథ మొదటి సగం అచ్చంగా ‘మీనా’ వంటిదే. చిన్న ఊరు, చిన్ననాటి స్నేహం, తెలియకుండా పెరిగిన ఇష్టం, అధికారం చెలాయించే పెద్దలు. తేడా అల్లా ఒక్కటే. అతను బావ కాడు.

చట్టం చూడబోతే అడ్డేమీ చెప్పలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళి కూడదంటూనే, ఆచారం ఉన్నచోట చెల్లుతుందన్నది. మన మేనరికాలకు ఆ వెసులుబాటే ఆధారం. అదే చట్టం వధూవరులది ఒకే కులమై ఉండాలన్న షరతు పెట్టలేదు. మతాలు వేరైనవారి కోసం అంతకు ముందు సంవత్సరం, 1954లోనే, ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది. బావకూ స్నేహితుడికీ గూడ చట్టం తలుపులు తీసే ఉంచింది. ఊరు మాత్రం ఒక్క బావకే తీసింది. దాదాపు డెబ్బై ఏళ్ళయినా రెండవ తలుపు దగ్గర కత్తి పట్టుకుని కాపలా కాసేవారు ఇంకా ఉన్నారు.

కనుక ‘మీనా’ను పట్టుకుని, నువ్వు కులం గోడ దూకలేదేమని నిలదీయవలెనా? అది నాకు న్యాయంగా తోచదు. తన కాలంలో, మధ్యతరగతి ఇంటి నట్టింట్లో తల్లీ కూతురూ కలిసి చదువుకోగల కథలో, ఒక ఆడపిల్ల మగవాడితో మాట్లాడి, అతణ్ణి తెలుసుకుని, ఆ తరువాత తానే కోరుకోవచ్చునని చెప్పటం చిన్న విషయం కాదు. అయితే ఆ మాటను ఆమె బావ అనే గొడుగు కిందనే చెప్పిందన్న సంగతి గూడ మనం చూడకుండా దాటవేయరాదు. నేడు ఆ గొడుగు చాలా ఇళ్ళలో లేదు. ఆడపిల్లలు మాత్రం బడికి, కళాశాలకు, ఉద్యోగానికి పోతూనే ఉన్నారు. అక్కడ వారికి కనిపించేది బావలు కారు, తోటివారు.

అమ్మ అభిప్రాయం

అందరినీ అడిగి చివరకు అడిగింది మా అమ్మను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది.

“ఆ పుస్తకంలో నీకేం నచ్చిందమ్మా, ఇన్నేళ్ళు దాచుకున్నావు?”

“వాళ్ళు మాట్లాడుకుంటరు” అన్నది.

ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. కాసేపటికి తానే అన్నది: “నాకు గూడ బావ ఉండె. మా మేనత్త కొడుకు. ఆయన వాకిట్ల అడుగుపెడితే నన్ను లోపలి అర్రలకు పొమ్మనేటోళ్ళు. పెళ్ళి చేసుకోవలసినోని ఎదుట నిలబడితే సిగ్గులేనిదంటరని. తలుపు సందుల నుంచి చెప్పులు చూసిన, మొహం సరిగ చూడలే. ఆఖరికి ఆ సంబంధం తప్పిపోయింది, మీ నాయనకు ఇచ్చిన్రు. ఆయనతోటి నేను మొదటి మాట మాట్లాడింది పెళ్ళయినంక నాలుగోనాడు. నీళ్ళు కావాల్నా అన్న.”

మా నాన్న మంచివాడు. వారిద్దరూ బాగానే బతికారు. అయినా ఆమె ఆ పుస్తకాన్ని పట్టుచీర కింద ఎందుకు దాచుకున్నదో నాకు అప్పుడు తెలిసింది. బావలున్న కాలంలో గూడ ఆ వాకిలి అందరికీ తెరిచి లేదు. నవల చూపించింది ఉన్న ఇల్లు కాదు, ఉండవలసిన ఇల్లు. ఎం.ఏ. చదివిన నాకు అది దొరకలేదు. మొదటి నాలుగు పేజీలు లేని పుస్తకంలో మా అమ్మకు దొరికింది.

ఆమెకు మా విద్యార్థిని ప్రశ్న చెప్పాను. బావ లేకపోతే ఏమి చెయ్యాలని అడిగిందని. మా అమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి, “ఆ పిల్లకు ఎవరన్న ఉన్నడా?” అన్నది.

“ఉన్నట్టే ఉంది. చిన్నప్పటినుంచి కలిసి చదివినవాడట. మావాళ్ళు కాదు మేడమ్ అన్నది. అంతకుమించి నేను అడగలేదు.”

“ఇంట్ల తెలుసునా?”

“తెలియదు.”

మా అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఆమె మిర్యాలగూడ సంగతి తలచుకుంటున్నదని నాకు తెలుసు. ఆ వార్త వచ్చిననాడు ఆమె అన్నం తినలేదు. గిన్నె తీసుకుని లేస్తూ అన్నది:

“పార్కుల పొంటి, బస్టాండ్ల పొంటి భయపడుకుంట తిరగొద్దని చెప్పు. పండుగ సెలవులకు నువ్వు వచ్చేటప్పుడు ఆ పిల్లను మనింటికి తోలుకరా. ఆ పిలగాణ్ణి గూడ రమ్మను. నేను ఇంట్లనే ఉంట. వాకిట్ల కుర్చీలేస్త. కూర్చొని మాట్లాడుకుంటరు. పిలగాడు ఎసొంటోడో నేను గూడ చూస్త. మంచోడయితే వాళ్ళమ్మతోటి మెల్లగ నేనే మాట్లాడుత.”

ఆ పిల్లకు ఈమాట చేరవేశాను. వస్తానన్నది. వచ్చేటప్పుడు మా అమ్మ పుస్తకంలో పోయిన ఆ మొదటి నాలుగు పేజీలు కొత్త ప్రతినుంచి తన చేత్తో రాసి తెస్తానన్నది.